టిక్కుల లెక్క

ఫహహీల్‌లో గురువారం రాత్రి.
సముద్రం మీంచి వచ్చిన తేమ
సిమెంటు కోర్టు మీద తడిగుడ్డ పరిచి పోయింది.
నేను స్టోరుకీపర్ని. రిజిస్టరు ముందు పేజీలు కంపెనీవి:
బోల్టులు, గాస్కెట్లు, చేతి తొడుగులు.
వెనక పేజీలు నావి: మా జట్టు పాయింట్లు.

లీగులో పదకొండు ఆటలు, సగటు డెబ్బై ఎనిమిది.
ప్లేఆఫ్‌లో మూడు:
యాభై రెండు, నలభై తొమ్మిది, నలభై నాలుగు.
మూడూ పోయాయి.

క్యాంపులో తలా ఒక మాట.
రింగు వంగిందన్నాడు షిబు.
ఆడలేక మద్దెల ఓడు! ఆ రింగు జనవరిలోనూ వంగే ఉంది,
అందులోనే తొంభై ఒకటి వేశాం.
రెఫరీ విజిల్ మింగేశాడన్నాడు రోడెల్.
అది నిజం. లీగులో గోరు తగిలినా ఊదేవాడు,
ఇప్పుడు డొక్కలో మోచెయ్యి దిగినా చుక్కలు లెక్కపెడుతున్నాడు.
కాళ్లలో పస లేదన్నాడు మెస్సు వంటవాడు.
రిఫైనరీ షట్‌డౌను, పన్నెండేసి గంటలు,
షట్‌డౌనుకి శుక్రవారం కూడా లేదు.
అదీ నిజమే గాని,
అవతలి వాళ్లూ అవే గొట్టాల కింద పాకి వచ్చినవాళ్లే కదా.

నాకొక పిచ్చి అలవాటు,
పాస్ పడ్డప్పుడల్లా ఒక టిక్కు పెడతాను.
జనవరి పేజీ తీస్తే చీమలబారు:
అయిదు, ఆరు, ఒకచోట తొమ్మిది టిక్కులు,
ఆ చివర సున్న చుట్టి లోపల రెండు.
ఏప్రిల్ పేజీ తీస్తే
ఒక టిక్కు. సున్న. లోపల ఏమీ లేదు.
దాని కింద మళ్లీ అదే.

ఒకే జట్టుతో మూడు వారాలు.
రోడెల్ ఎడమకే తిరుగుతాడని మొదటి వారం పసిగట్టారు.
తిరిగే ముందు పెదవి కొరుకుతాడని రెండో వారం.
మూడో వారం పెదవి కదలకముందే
అక్కడ ఇద్దరు కాపు కాశారు.

ఒకడి మీద ఇద్దరు పడితే మనవాడొకడు ఖాళీ.
ఆ ఖాళీ మనిషి ఓబులేసు, రాయచోటి వాడు, రిగ్గరు.
పగలు వాడు చెయ్యెత్తితే క్రేను నలభై టన్నులు లేపుతుంది.
రాత్రి మూలన చెయ్యెత్తితే బంతి రాదు
అని రాయబోయి ఆగాను.
మూడో ఆటలో వాడు చెయ్యి ఎత్తనే లేదు.

అప్పుడు కుర్చీల వైపు చూశాను.
లీగంతా మమ్మల్ని చూసింది వాచ్‌మన్, రెండు పిల్లులు.
ప్లేఆఫ్‌కి కుర్చీలు వచ్చాయి, కుర్చీల్లో ఫరీద్ సారు.
షట్‌డౌను అయ్యాక ఎవరుండాలో ఎవరు పోవాలో
ఆయన జేబులో కాగితం ఉందని పుకారు.
కళ్లలో పడాలనుకున్నవాడు బంతి వదల్లేదు.
తప్పేసి కళ్లలో పడతానేమో అనుకున్నవాడు బంతి అడగలేదు.
ఈ ఇద్దరి మధ్య
ఇరవై నాలుగు సెకన్లు కారిపోయాయి.

ఇంతా కనిపెట్టిన నేను ఏం చేశాను?
సారు రిజిస్టరు అడిగితే
వెనక పేజీలు వేళ్లతో బిగించి పట్టి
గాస్కెట్లు చూపించాను.

ఒంటిగంటకి కుర్చీలు మడిచారు, పెద్ద లైట్లు ఆర్పారు.
వాచ్‌మన్ గది బల్బు వెలుగులో
అయిదుగురూ చెప్పుల్లేకుండా మళ్లీ దిగారు.
రోడెల్‌కి వచ్చిన తెలుగు మూడే ముక్కలు:
తిన్నావా, పా, ఈడికి.
"ఈడికెయ్ అబ్బీ!" అని మూల నుంచి కేక,
చెయ్యి నిలువునా పైకి.
షిబు నుంచి హానీకి, హానీ నుంచి లోకేంద్రకి,
మళ్లీ షిబుకి, వాడు రోడెల్‌కి,
పెదవి కొరక్కుండానే రోడెల్ ఓబులేసుకి.

పడలేదు.
వంగిన రింగుకి తగిలి పిల్లుల వైపు దొర్లింది.
ఎవడో నవ్వాడు, ఎవడో బంతి వెనక పరిగెత్తాడు.

అయిదింటికి బస్సు.
రిజిస్టరు స్టోరులో పెట్టి తాళం వేసేశాను.
అయిదు టిక్కులు అరచేతి మీద పెట్టుకున్నాను.