పగలగొట్టకుండా

కుడిచెయ్యి తల కింద పెట్టుకోమంది వసుంధర.
నెల్లూరు పిల్ల. ఫర్వానియాలో ఆస్పత్రి మూడో అంతస్తున
తెలుగు వినబడితే సగం భయం అక్కడే దిగిపోతుంది.

మూడు గంటల ముందు నుంచీ ఏమీ తినొద్దన్నారు.
పద్దెనిమిదేళ్ళుగా అందరూ తిన్నాకే తింటున్నదాన్ని,
దివానియా నుంచి తిరిగొచ్చిన పళ్ళెంలో
మచ్బూస్ అడుగు, నెయ్యి పేరుకున్న అన్నం,
రాత్రి ఒంటిగంటకి, నిలబడి.
పస్తుండమని కాగితం మీద రాసిచ్చింది మాత్రం ఇదే మొదలు.

"సారా ముట్టలేదమ్మా నేను."
"నేనడగలేదు కదక్కా."
అడక్కపోయినా చెప్పుకోవాలి. మా లంకలో
కాలేయం చెడిందంటే
వేళ్ళన్నీ ఒక్క కొట్టు వైపే లేస్తాయి.

పక్కటెముకల సందులో చల్లటి జిగురు.
టక్.
గుమ్మం తట్టి ఆగినట్టు.
టక్.

ఇది నాకు తెలిసిన పనే.
పదేళ్ళప్పుడు కొబ్బరి సావుకారు పాకలో కూర్చుని
కాయని కాయతో తట్టి, చెవి దగ్గర ఆడించి
లేత, ముదురు, కురిడీ అని విడదీసేదాన్ని.
నీళ్ళింకిపోయి, చిప్పనొదిలేసి
లోపల గుండులా దొర్లేది కురిడీ.
వెయ్యి కాయలకి పది రూపాయలు.
ఒక్కటీ పగలగొట్టకుండా చెప్పేదాన్ని.
అప్పుడు కాయని నేను కాదు, అంతే.

"రక్తం లెక్క గీత దాటింది, అందుకే ఇక్కడికి పంపారు."
నాది ఒకటి పాయింట్ నాలుగు తొమ్మిది.
గీత ఒకటి పాయింట్ మూడు దగ్గరుంది.
ఏమేం వేస్తారు ఆ లెక్కలో అన్నాను, కూరలో దినుసులడిగినట్టు.
రెండు ఎంజైములు, ప్లేట్‌లెట్లు, వయసు.
వయసుతో గుణిస్తారట.

వయసు.
టక్.
రాజోలు ఏజెంటు పెన్ను మూత పళ్ళ మధ్య పెట్టుకుని
"ముప్ఫై నిండకపోతే ఆడదాన్ని విమానం ఎక్కనివ్వరు సువార్తా" అన్నాడు.
ఇరవై రెండు మీద ఇంకో ఎనిమిది వేశాడు,
చారులో ఉప్పు చాలక వేసినట్టు.
ఆ ఎనిమిదేళ్ళూ ఇకామాలో ఉన్నాయి, సివిల్ ఐడీలో ఉన్నాయి,
నా దగ్గర లేవు.
ఎవరికీ చెప్పని మాట
జాకెట్టు పైకి లాగి ఉండగా నోరు జారి వచ్చేసింది.
నలభై ఎనిమిది కాదమ్మా. నలభై.

వసుంధర తలుపు వైపు చూసింది.
ఫోను తీసి నలభై కొట్టింది.
ఒకటి పాయింట్ రెండు నాలుగు.
"గీతకి ఇవతలే ఉన్నావక్కా."
నవ్వొచ్చింది. లేచిపోనా మరి?
"ఇంకా నాలుగున్నాయి. దీనికి పాస్‌పోర్టు అక్కర్లేదు."

టక్. టక్.
టక్.
ఊపిరి బిగబట్టమంది.
టక్.

పదింటిలో నడిమి అంకె తొమ్మిది పాయింట్ తొమ్మిది.
ఎనిమిది దాటితే పెద్ద డాక్టరు చూడాలట.
లేత కాదు. కురిడీ కాదు.
ముదురు.

మరి ఎక్కణ్ణించి వచ్చాయి?
నేను బతకని ఎనిమిదేళ్ళు
లోపల ఎవరు బతికినట్టు?
రాజోలు వాడు రాసిన అబద్ధాన్ని
కువైట్ మొత్తం చదివి ముద్రేసింది గానీ
నిజంగా నమ్మింది ఈ కండ ఒక్కటే.

"ఇంతకీ నాకేమవుతుంది?"
"నీకని చెప్పదక్కా ఇది.
నీలాంటి వందమందిలో ఎంతమందికి అని చెబుతుంది."
ఎవరా వందమంది?
సాల్మియాలో, జహ్రాలో, పొయ్యిల ముందు,
సింకుల ముందు, నాలాగే నిలబడి తింటూ.
వాళ్ళలో నా వరస ఎన్నోదో
వాళ్ళకీ తెలీదు.

బరువు తగ్గు, టీలో చక్కెర మానెయ్,
ఆర్నెల్లకి మళ్ళీ రా. వెనక్కి మెత్తబడొచ్చు అంది.
ముదిరిన కాయ తిరిగి లేతవడం
నేనెప్పుడూ వినలేదు.
కాలేయం అవుతుందట, ఒక్కోసారి.

ఫారంలో వయసు మార్చలేదు వసుంధర.
మార్చమని నేనూ అనలేదు.

జిగురు తుడుచుకుంటుంటే ఫోను. మామా.
ఎక్కడున్నావు ఖాలా, చేప ఇంకా మంచులోనే ఉంది అంటోంది.
పెద్దదాన్నని ఖాలా అంటుంది, పిన్నీ అని.
నిజానికి ఆవిడే నాకు మూడేళ్ళు పెద్ద.
వస్తున్నా అన్నాను.