ఏడు గుండ్లు

తోజ్ వచ్చిపోయిన మర్నాడు
కువైట్ అంతా పిండి జల్లెడ కింద నిలబడినట్టుంటాది.
కారు తుడిచి చేతులు కడుక్కునే లోపల
దిగొచ్చింది దానా, చంకలో స్కేట్‌బోర్డు.
"బెంచల్, ఇది ఏడుస్తా ఉంది."

నా పేరు పెంచలయ్య.
ఈ భాషలో "ప"కి చోటు లేదు.
పదకొండేళ్ళుగా "బ"తోనే బతుకుతున్నా.

దానా అంటే పెద్ద ముత్యమంట.
మొదటిరోజు నేను దాణా అనుకొని
నవ్వాపుకోలేక ఏసీ పెంచినా.

చక్రం చెవి కాడ పెట్టి తిప్పినా.
కర్ర్... కర్ర్...
ఇసక నమిలే చప్పుడు.
రాయచోటిలో దస్తగిరి సైకిల్ షాపులో
పన్నెండో ఏట విన్న చప్పుడే.
ఇరుసు గుండ్లు మోరీలో పారబోసినందుకు
వీపు మీద విన్న చప్పుడు వేరే.

పిల్ల ఫోన్ చూపించింది.
తొమ్మిదో నంబరు బేరింగులు, ఇరవై దీనార్లు.
నంబరు పెరిగితే వేగం పెరుగుతాదంట.
నేను నా జీతాన్ని ఆరు ముక్కలు చేసి
ఒక ముక్క పక్కన పెట్టి చూసుకున్నా.

"ఆ నంబరు ఉన్నచోటనే గిర్రున తిరిగే మిషన్లకమ్మా.
నువ్వు మెట్ల మీంచి దూకుతావు,
అడ్డంగా ఈడుస్తావు.
దీనికి కావాల్సింది సబర్."
"ఇనుముకి సబరా?"
"ఇనుముకే."

కీచుమంటోందని తలుపుల స్ప్రే కొట్టిందంట తనే.
ఉన్న కాస్త నూనె దాంతోనే కడుక్కుపోయింది.

గేటు పక్కన నా గది.
కిటికీ తెరిచి, అగ్గిపెట్టె బయట పెట్టి,
గోంగూర పచ్చడి సీసా కడిగి ఆరబెట్టి,
వంట చేసే సోమలతనడిగి
గోళ్ళ రంగు తుడిచే మందు తెచ్చినా.
నీళ్ళు తగలనీయకూడదు, తెల్లారేసరికి తుప్పు.
రబ్బరు మూత అంచున సూది పెట్టి
కంట్లో నలుసు తీసినంత మెల్లగా లేపాల.
లేవని మూతలు కొనొద్దు పాపా,
తెరుచుకునేదే బాగుపడేది.

ఎనిమిదీ సీసాలో వేసి ఊపితే
నల్లటి మబ్బు లేచింది.
వారం వారం ఆమె పోయిన రోడ్లన్నీ దిగినాయి.

కాగితం మీద ఆరబెట్టినాక
ట్యూబులైటు కింద ఒక్కోదాన్నీ తిప్పి
వేలితో లెక్కపెట్టింది, వాహిద్, ఇత్‌నేన్...
ప్రతి దాంట్లో ఏడు.
ఏడంటే మాకు కొండలు అన్నా.
వాళ్ళ ముత్తాత ఊపిరి బిగబట్టి మునిగింది
ఇంతంత వాటికేనంట.
అయితే ఆయన సముద్రంలో, మనం పచ్చడి సీసాలో.

కుట్టుమిషను నూనె, రెండంటే రెండు చుక్కలు.
మూడోది ధూళికి పెళ్ళిపిలుపు.

ఏడు బేరింగులు బతికినాయి. ఒకటి పోయింది,
లోపల ఒక గుండుకి అమ్మోరు మచ్చ.
షువైఖ్ పోయి కొత్తది తెచ్చినా,
ఆరు సున్నా ఎనిమిది,
గ్రైండరు మిషనుకి వేసేదే, పావు దీనారు.
కొట్టువాడు పొట్లం కూడా కట్టలేదు.

శుక్రవారం సాల్మియా ఒడ్డున
బండాపి, ఏసీ ఆపి, అద్దం దించి కూర్చున్నా.
చక్రం చప్పుడు లేదు.
అలల చప్పుడు, పిల్ల పడిన చప్పుడు,
మళ్ళీ లేచిన చప్పుడు.
మోకాలి రక్తం సంగతి ఇంట్లో చెప్పద్దంది.
నేనేం చూడలేదన్నా.

మళ్ళీ తోజ్ వచ్చింది రంజాన్ ముందర.
మర్నాడు తలుపు కొట్టి సూది మటుకే అడిగింది.
గోంగూర సీసా అప్పటికే ఆమె దగ్గరుంది.

పోయిన బేరింగు నా తాళాల గుత్తిలో వేసుకున్నా.
ఫోర్త్ రింగ్ రోడ్డు సిగ్నల్ కాడ
ఎర్రలైటు పడితే వేలికి పెట్టి తిప్పుతా.
ఆరు గుండ్లు పోదాం పోదాం అంటాయి.
ఎట్ల తిప్పినా
అదే చోటికొచ్చి ఆగతాది.