చెల్లుబాటు పది నిమిషాలు

పర్లాకిమిడి కచేరీ వీధిలో నాదొక జిరాక్స్ కొట్టు.
బోర్డు ఒడియాలో ఉంటుంది,
బేరం తెలుగులో జరుగుతుంది.
స్కాలర్‌షిప్పు దరఖాస్తు నింపితే ముప్పై.
నా తప్పుంటే మళ్ళీ ఉత్తినే.

ఫోను లేని పిల్లలకి నా నంబరే రాస్తాను.
జూలై వచ్చిందంటే నా జేబు నిద్రపోదు.
నలభై మంది పిల్లల ఆరంకెల గుట్టు
అన్నం ముద్ద దగ్గర మోగుతుంది.
ఎవరికీ చెప్పొద్దంటుంది.
చెప్పడమే కదా నా బతుకుతెరువు.

రోహిణి వచ్చింది మొన్న జూలైలో,
ఇస్త్రీ కూర్మారావు రెండో గుంట.
సంచిలో ఒక్క కాగితమూ నలగలేదు.
వాళ్ళింట్లో కాగితం కూడా
పెట్టె కిందనుంచే బయటికొస్తుంది.

చదువు ఏటి అవతల, పాతపట్నంలో.
జంతుశాస్త్రం.
కప్ప గుండె బయటికి తీశాక కూడా
కాసేపు కొట్టుకుంటుందని
నాకు చెప్పింది, స్కానరు వేడెక్కే లోపల.

అవతలి కంప్యూటరు అడిగింది:
చిన్న తరగతులు ఎక్కడ చదివావు?
ఇవతలి కంప్యూటరు అడిగింది:
కాలేజీ పేరు?
కిందికి జరిపాను, ఇంకా కిందికి,
అనుగుల్ నుంచి సుందర్‌గఢ్ దాకా
జిల్లాలన్నీ వేలి కింద దొర్లిపోయాయి.
మా డాబా మీంచి గంట వినబడే కాలేజీ
అందులో లేదు.

కులం గడి దగ్గర ఇంకో తిరకాసు.
ఇవతలి పట్టీలో వాళ్ళది ఒక వరస,
అవతల మరో వరస.
మహేంద్రతనయలో మోకాలి లోతున నిలబడి ఉతికిన తాత
ఏ గట్టు వైపు మొహం పెట్టాడో
ఇప్పుడెవర్ని అడగను?

ఆధార్‌లో కూర్మారావు.
ఆదాయం కాగితం మీద
ఒడియా నోట్లో నాని 'కుర్మొ రావొ'.
ఒక్క 'ఒ' కోసం మూడు సోమవారాలు
బండి మీద బొగ్గులు చల్లారాయి.
తిప్పి పంపిన గుమాస్తా ఒంటి మీది చొక్కా
పొద్దున్న తను రుద్దిందే.
"కాలరు బాగా కూచుంది బావూ"
అన్నాడట కూర్మారావు,
మెట్లు దిగుతూ.

ఏడాదికి ఆదాయమెంత?
అతను చొక్కాల్లో చెబుతాడు.
వానల్లో తక్కువ, పెళ్ళిళ్ళకి ఎక్కువ,
ఎలక్షన్లకి అన్నీ తెల్లవే.
గుణించి ఒక అంకె వేశాను.
"అంతొచ్చిందేటి నాకు?" అని
చాలాసేపు తెర వైపు చూశాడు,
ఎవరో తన పేరున తినేసినట్టు.

నిన్న మధ్యాహ్నం రోహిణి మళ్ళీ వచ్చింది.
ఫీజు కట్టలేదని పరీక్ష హాల్‌టికెట్ ఆపారు.
"అవతలి సీటు వదిలేస్తానన్నా.
లిస్టులో ఉన్న కాలేజీలో
లిస్టులో ఉన్న చదువేదుంటే అదే పెట్టు."
పెట్టాను.
రద్దు అన్న చోట నొక్కాను.
అంకెలు రాలేదు. సర్వరు గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది.
ఆ పిల్ల చీకటి పడేదాకా కూచుని
నాన్నకి అన్నం ఇవ్వాలని వెళ్ళిపోయింది.

రాత్రి పదింబావుకి ఫోను మోగింది.
ఆరంకెలు. ఒప్పుకోలుకి పది నిమిషాలు.
కొట్టు మా వీధిగదే. లేచి నాలుగడుగులేస్తే సరి.
ఇలాంటివి రోజూ నేనే కొట్టేస్తాను,
ఎవరూ ఏమీ అనరు.

నాకూ ఒకప్పుడు స్కాలర్‌షిప్పు వచ్చింది,
చదువు మానేసిన రెండేళ్ళకి.
ఆ డబ్బుతోనే మొదటి జిరాక్స్ మిషనుకి బయానా కట్టాను.
అది ఇప్పటికీ మూల ఉంది,
ఏది పెట్టినా నల్లగా తీస్తుంది.

ఫోను బోర్లించి పెట్టాను.
"ఎవరిదయ్యా ఈ ఏళప్పుడు?" అంది మా ఆవిడ.
ఎవరిదీ కాదన్నాను.
గోడ గడియారం వంక చూస్తూ పడుకున్నాను.
పన్నెండో నిమిషం దాకా చూశాను, నమ్మకానికి.

పొద్దున్నే వస్తుంది.
సర్వరు పనిచెయ్యలేదమ్మా అంటాను.
ఇన్నేళ్ళలో ఎన్ని వందల సార్లు అన్నానో ఆ మాట!
అబద్ధంగా అనడం మాత్రం
ఇదే మొదలు.
హాల్‌టికెట్ డబ్బు సంగతి
ఇంకా ఏమీ అనుకోలేదు.