సక్

ఓర్క్నీలో ఏప్రిల్ వాన. కొట్టంలో
తల్లి చచ్చిన గొర్రెపిల్ల.
థోరా పాలసీసా దాని మూతికి ఆనించి
"సక్" అంటుంది. అది తల తిప్పుకుంటుంది.

గుమ్మంలో మనవడు ఎర్లెండ్,
సిగ్నల్ అందని ఫోను గాల్లో ఊపుతూ
"ఇట్ సక్స్" అంటాడు.
"ఏమిటి? దేన్ని?"
కర్మ లేని క్రియ ముసలామెకు మింగుడుపడదు.

ఆమె ఎరిగినదానికి ఎప్పుడూ ఏదో ఒక నోరుంది:
బూటును వదలని పీట్ బురద,
పొగాకు అయిపోయాక కూడా
మొగుడు వట్టినే లాగిన పైపు,
ప్రసంగం ముగిసేదాకా బుగ్గన నానిన పిప్పరమెంటు,
గులకరాళ్ళ సందుల్లోంచి వెనక్కి పోయే అల.

టార్చి పట్టుకున్న నాకు
ఇన్నిటికీ ఇన్ని మాటలు కావాలి,
పీల్చు, చీకు, చప్పరించు, జుర్రు.
ఈ పిల్ల కోసం కుడుచు.
వీళ్ళు ఒక్కదానితోనే బతుకు నెట్టుకొస్తున్నారు,
చివరికి తిట్టుకోడానికీ అదే.

"ఇలా రా. వేలియ్యి."
పాలల్లో ముంచిన కుర్రాడి వేలు
చల్లని నోట్లో చాలాసేపు ఊరికే ఉంది.
రేకుల మీద వాన.
ఉన్నట్టుండి గరుకు నాలుక చుట్టుకుని
మోచేతి దాకా లాగింది,
తోక వణికింది.

ఎర్లెండ్ గుసగుసగా
"ఇట్ సక్స్" అన్నాడు.

థోరా వేలు తీయించి పీక అందించింది.
ఫోను గడ్డిలో ఎక్కడో పడిపోయింది.
రాత్రి రెండింటికి మళ్ళీ పట్టాలి.