డకోటా రేకు

తాళ్ళరేవులో మా పడవల పాక ముందు
తొట్టి రిక్షాలోంచి దిగింది ఒక విమానం ముక్క.
తలుపంత రేకు.
అది జారిపోకుండా రెండు చేతులా పట్టుకొని
నేతల దైవసహాయం,
వాయుసేనలో ఇరవై రెండేళ్ళు చేసొచ్చినాయన.
"డకోటాదయ్యా. కాకినాడ పాత ఇనుము కొట్లో
కిలో లెక్కన కొన్నాను.
నీ పడవ అడుగుకి పనికొస్తుందేమో చూడు."

వేలి కణుపుతో కొట్టి చూశాను.
పల్చన. మోత మాత్రం బాగుంది.
ఉప్పునీళ్ళకి ఎన్నాళ్ళాగుతుందో చెప్పలేనండి, అన్నాను.
ఆయన వినలేదు.
సొట్టల మీద చెయ్యేసి
వాటి పుట్టుపూర్వోత్తరాలు ఎత్తుకున్నాడు.

ఈ సొట్ట లేహ్‌లో దిగేటప్పుడు ఎగిరిన రాయి.
ఇది కంచరగాడిద కాలు.
మూడింటిని ఎక్కిస్తే రెండు మర్యాదగా నిలబడ్డాయి.
ఈ మరక కిరసనాయిలు.
ఇదిగో, ఈ రెండు రివెట్ల మధ్య
ఒక హవల్దారు భార్య వీపు ఆనించి కన్నది,
మబ్బుల పైన, ఆడపిల్లని.
వాళ్ళేం పేరు పెట్టుకున్నారో తెలీదు.
మేం మాత్రం డకోటమ్మ అన్నాం.
శవపెట్టెలు ఎక్కించినప్పుడు సొట్టలు పడవు,
అందరూ మెల్లిగా మోస్తారు కదా.

చేతిసంచీలోంచి లాగ్ పుస్తకం తీశాడు.
తారీకు, గంటలు, బరువు, వాతావరణం.
ఒక్క మనిషి పేరు లేదు.
ఆయన చదువుతుంటే నేను బాడిస నూరుకుంటున్నాను.
ఉప్పు. బూట్లు. మేకలు. ఉత్తరాలు.
ఉత్తరాలకీ బరువు రాశారు.
ఆ తర్వాత ఒక ఆగస్టు:
గౌతమి పాయ, లంక గ్రామాలు.
బియ్యం, అటుకులు, నలభై బస్తాలు.
మూడు చుట్లు. వాతావరణం బాగోలేదు.
పని పూర్తి.

"తలుపు ఊడదీసి, నడుముకి తాడు కట్టుకొని
బస్తాల్ని కాలితో తన్నేవాణ్ణి.
కింద ఎర్రగా ఒకటే నీళ్ళు.
ఎక్కడ పడ్డాయో చూసే తీరికేదీ?
తిరగాలి, మళ్ళీ తన్నాలి.
మా ఊరి మీంచే పోయాం. నా ఇల్లేదో
నాకే ఆనవాలు చిక్కలేదు."

ఎక్కడ పడ్డాయో నాకు తెలుసు.
ఒకటి సొసైటీ గోదాము పెంకులు పగలగొట్టుకొని
సరిగ్గా కాటా మీద కూర్చుంది.
ఒకటి కొబ్బరి మొవ్వులో చిక్కి, చిరిగి
మూడు రోజులు అటుకులు రాల్చింది.
బాతులు బతికిపోయాయి.
ఒకటి నీళ్ళలో పడింది,
మేమెక్కిన కప్పుకి నాలుగు బారల దూరంలో.
మా పల్లయ్యకి పద్నాలుగేళ్ళు. మంచి ఈతగాడు.
అమ్మ వద్దనేలోపే దూకాడు.
బస్తా రెండో రోజు దొరికింది,
దిగువన, మడచెట్ల వేళ్ళకి తట్టుకొని.
ఆ బియ్యమే ఆరబెట్టుకొని వండుకున్నాం.
ఆకలి కదా.

"అప్పుడు నువ్వెక్కడున్నావయ్యా?"
ఇక్కడే ఎక్కడోనండి, అన్నాను.
"అందాయా మా బస్తాలు?"
అడుగు చెక్క మీద రేకు పరిచి
ఆ కొస పట్టుకోమన్నాను.
అందాయండి, అన్నాను.

పుస్తకం చివరి పేజీలో
రెక్కలు అలిసిపోయాయని రాయలేదు.
"సేవ నుంచి తొలగించడమైనది", కింద ముద్ర.
ఆ ముద్రని బొటనవేలితో రుద్ది
పుస్తకం మూశాడు.

ముందు పాత రివెట్ల చిల్లులు పూడ్చాలి.
గుగ్గిలం కాచి, పత్తి ముంచి, ఒక్కోటీ.
ఎన్నున్నాయో లెక్కపెడదాం అన్నాడు, అలవాటు కొద్దీ.
ఇద్దరం వేరువేరుగా లెక్కపెట్టాం.
ఆయనకి నూట పన్నెండు వచ్చాయి.
నాకు నూట పదమూడు.
కళ్ళజోడు తుడుచుకొని
మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకోబోయాడు.
గుగ్గిలం గట్టిపడిపోద్దండి,
కానీండి, అన్నాను.