ఎర్ర పెన్సిల్ చుట్టి వెళ్లిన ఊరు

వంటగది బల్ల మీద బ్రిటన్‌ని పరిచాం.
స్కాట్లాండ్ లేచిపోకుండా టీ కెటిల్,
కార్న్‌వాల్ చుట్టుకుపోకుండా మార్మలేడ్ సీసా,
నడుమ, మడతలు చిరిగిన చోట,
హెడ్లీ కోటు జేబులోంచి తీసి పెట్టిన మౌత్‌పీస్.
పూత పోయి ఇత్తడి బయటపడ్డ అంచు.
కట్టుడు పళ్లొచ్చాక దాన్ని పెదవికి ఆనించలేదాయన.
కోట్లు మారాయి గానీ
జేబులోంచి అది మాత్రం దిగలేదు.

బండి నడిపేది నేను గనక
ఎర్ర పెన్సిల్ నా చేతికిచ్చారు.
ముగ్గురు ముసలి ప్రయాణికులు, పన్నెండు రోజులు,
అద్దెకు తెచ్చే తొమ్మిది సీట్ల వ్యాను.
మరీ అంత పెద్దదెందుకని అడిగితే
"నా ట్యూబా ఎక్కడ కూర్చుంటుంది?" అంది థిర్జా,
దానికీ టికెట్ కొన్నంత ధీమాగా.

మొదటి పేచీ కోటల గురించి.
థిర్జాకి కోటలు కావాలి, కందకాలు కావాలి,
స్టోన్‌హెంజ్ ముందు నిలబడి ఫొటో కావాలి.
"రాళ్లేం వాయిస్తాయి?" అన్నాడు హెడ్లీ.
చివరికి రాజీ: ఆ దారినే పోతాం,
ఆపం, మెల్లగా నడుపుతాను,
చూసేవాళ్లు చూసుకోవచ్చు.

ఎమ్లిన్‌కి రోండా లోయలో ఒక్క చాపెల్ చాలు.
"మా నాన్న ఊపిరితిత్తుల్లో సగం గని తీసుకుంది,
తక్కిన సగం యుఫోనియం తీసుకుంది,
అమ్మకి దగ్గే మిగిలింది" అంటాడు
బిస్కెట్ టీలో ముంచుతూ,
ఎదురింటివాళ్ల పిల్లి సంగతి చెప్పినట్టు.

అప్పుడు తట్టింది నాకు:
ఇంతసేపూ నేను చుక్క పెట్టిన ఊళ్ల కింద
బొగ్గో, తగరమో, పలకరాయో.
నేల కింద గాలి కోసం అల్లాడినవాళ్లే
పైకొచ్చి, ఉన్న గాలంతా
వంకర గొట్టాల్లో పోశారు.

డర్హమ్ జులైలో, సాడిల్‌వర్త్ జూన్‌లో.
రెండూ కుదరవు. చాలాసేపు గొణుక్కుని
జూన్‌కే ఓటేశారు.
ఆ శుక్రవారం సాయంత్రం కొండ ఊళ్లలో
బ్యాండు వెనక బ్యాండు సందు దిగి వస్తుందట.
మార్కులు వేసే ఆయన
తెరలు దించిన కారవాన్‌లో కూర్చుంటాడట.
ఎవరు వాయిస్తున్నారో చూడడు,
వాయించింది వింటాడు, అంతే.

పెన్సిల్ అక్కణ్ణించి తూర్పుకి జరిగేసరికి
హెడ్లీ వేలు అడ్డొచ్చింది.
"ఇక్కడ చుట్టు తిరిగి పో. రోడ్డు బాగోదు."
ఆల్డర్‌థోర్ప్. సూటిగా నాలుగు మైళ్లు.
చుట్టు తిరిగితే ఇరవై మూడు.
నేను మాట్లాడకుండా ఇరవై మూడూ గీశాను,
మ్యాపు మీద ఆ ఊరి చుట్టూ
ఎర్రటి ఉచ్చులాగా వచ్చింది.

కప్పులు కడుగుతూ థిర్జా గొంతు తగ్గించి చెప్పింది:
సమ్మె ఏడాది, పదకొండో నెల,
అన్నదమ్ములిద్దరిలో ఒకరు గేటు దాటి పనికెళ్లారు.
ఎవరని నేనడగలేదు, తను చెప్పలేదు.
బ్యాండులో పక్కపక్క కుర్చీలు వాళ్లవి,
ఇద్దరి మధ్య ఒకటే మ్యూజిక్ స్టాండు,
పేజీ తిప్పేది తమ్ముడు విల్ఫ్.
ఇప్పటికీ మంగళవారాలు ఆ బ్యాండు గదిలో
పిల్లలకి కార్నెట్ నేర్పుతున్నాడట.

మేం తిరిగొచ్చేసరికి
ఎమ్లిన్ కుర్చీలోనే కునుకు తీస్తున్నాడు.
హెడ్లీ మ్యాపు మీదికి వంగి
గుప్పిట్లో మౌత్‌పీస్‌ని వెచ్చబెడుతున్నాడు,
చలికాలం కవాతుకు ముందు
ఆటగాళ్లు చేసినట్టు.

"మంగళవారం ఏ ఊళ్లో ఉంటాం?" అన్నాడు.
లెక్కపెట్టి చెప్పాను. దగ్గర్లోనే.
చాలాసేపు ఏమీ అనలేదు.
"ఆ గదికి పాత తెరలుండేవి,
ముదురాకుపచ్చవి. ఉన్నాయో లేవో.
వేసి ఉంటే
బయట నిలబడి వింటాను."

ఎర్ర గీత చెరపడానికి రబ్బరు దొరకలేదు.
దాని మీదుగానే నాలుగు మైళ్లు గీశాను.
బల్ల చెక్కలో పగులుండి
ఊరు చేరే ముందు పెన్సిల్ ఒకసారి ఎగిరిపడింది.