కొలగీత

ఇనారి సరస్సు మీద మధ్యాహ్నం రెండింటికే పొద్దు గూకింది.
అటవీ కార్యాలయంలో ఒక్క కిటికీకే వెలుగు.
హెల్కా ముందు, తెరమీద, నాలుగు వేల చుక్కలు.
మెడపట్టీల్లోంచి రెయిన్‌డీర్లు పంపినవి,
గంటకొకటి చొప్పున, చలికాలమంతా.

చుక్కలు పెట్టించడం ఎంతసేపు?
ఆర్ భాషలో ఒక్క వాక్యం రాస్తే
ముగ్గుకి ముందు వాకిలిలా పరుచుకుంటాయి.
కానీ మూలన ఓ కొలగీత లేకపోతే
అది పటం కాదు, పొడలు లేచిన చర్మం.
ఎంత నేలని ఎంత చోట్లోకి మడిచావో
ఎక్కడో ఒకచోట ఒప్పుకోవాలి కదా,
కంసాలి తూకపురాళ్లు బల్లమీద పెట్టినట్టు.

అందుకని ఒక నల్ల గడి, ఒక తెల్ల గడి,
మళ్లీ నలుపు, మళ్లీ తెలుపు.
ఈ కొసన సున్నా, ఆ కొసన ఇరవై.
ఎక్కడ పెట్టాలో మౌస్‌తో ఒక నొక్కు.
అంకెలు గీతకి అతుక్కుంటే కాస్త కిందికి,
మరీ దిగితే కాస్త పైకి.
ఈ కాస్తలతోనే వారం గడిచింది.

ఊలా వచ్చాడు, టోపీమీది మంచు దులపకుండానే.
కాఫీలో జున్నుముక్క వేసుకున్నాడు.
తన మంద చుక్కల్ని కాదు,
ముందు మూలనున్న గీతని చూశాడు.
బొటనవేలూ చూపుడువేలూ చాచి
గొంగళిపురుగుని పట్టినట్టు దాన్ని పట్టుకుని
మేతబీడు మీద తూర్పునుంచి పడమటికి నడిపించాడు.
మూడు ఇరవైలు.
నవ్వాడు.

వాళ్ల దేశంలో దూరానికో పాత కొలత ఉంది:
బండి లాగే రెయిన్‌డీరు
ఉచ్చకి ఆగేలోపు సాగేంత మేర.
మనం కూతవేటన్నాం, గొంతుతో కొలిచాం.
ఆమడన్నాం, కాళ్లతో కొలిచాం.
వాళ్లు జంతువు పొత్తికడుపుతో కొలిచారు.
ఏడున్నర కిలోమీటర్లట, కాస్త అటూ ఇటూగా.

"ఈ బీడు దాటడానికి మేం మూడుసార్లు ఆగుతాం.
మా నాన్నా మూడుసార్లే ఆగాడు.
మీ గీత లెక్కన ఎనిమిదిసార్లు ఆగాలి.
నా మందకేం, చక్కెర జబ్బా?"

హెల్కా నవ్వలేదు.
డిగ్రీకి నూట పదకొండు. బడిలో నేర్చిన అంకె,
నిద్రలో లేపి అడిగినా చెప్పే అంకె.
అది భూమధ్యరేఖ దగ్గరి మాట.
పైకొచ్చేకొద్దీ రేఖాంశాలు
కొప్పులోకి చేరే పాయల్లా దగ్గరవుతాయి.
అరవైతొమ్మిదో అక్షాంశం దగ్గర
నూట పదకొండులో మిగిలేది నలభై.
నిలువునా నిజం, అడ్డంగా అబద్ధం.
అడ్డంగానే దొరికిపోయింది.

దిద్దడం కష్టం కాదు. మూడు వరుసలు.
చుక్కలారా, గోళం దిగండి, కాగితం మీదకి రండి,
డిగ్రీలు విడిచి మీటర్లు కట్టుకోండి.
ఎంటర్.

బీడు రెండు పక్కలనుంచీ లోపలికి ముడుచుకుంది,
వేణ్నీళ్లలో ఉతికిన ఉన్ని చొక్కాలా.
దాని నడుమ, ఎర్రగా, రాబోయే కలపరోడ్డు మాత్రం
దక్షిణంనుంచి ఉత్తరానికి పోయేది గనక
వెంట్రుకవాసి తగ్గలేదు.

కప్పు అడుగున జున్ను మిగిలిపోయింది.
"అవును," అన్నాడు ఊలా. "ఇదే.
ఇంతే ఉంది మాకు."

సోమవారం సమావేశానికి పన్నెండు ప్రతులు.
పదమూడోది ఆమె విడిగా తీసింది.
అందులో ఇరవై కిలోమీటర్ల గీత కింద
ఇంకో గీత, మూడే గడులు:
నలుపు, తెలుపు, నలుపు.
అంకెలు లేవు. యూనిట్ పేరు రాయలేదు,
కార్యాలయం ఒప్పుకోదు.

ఊలా దాన్ని మడిచి టోపీలో దోపుకున్నాడు.
మడత ఎర్రగీత మీదుగా దిగి
సరిగ్గా తెల్ల గడి మధ్యన పడింది.